తల్లి వైపు నుంచి

దూరం నుంచి గూడ్సు బండ్లు తెచ్చిన లోకో పైలట్లు టాటానగర్‌లో డ్యూటీ దిగాక, తిని పడుకోవడానికి స్టేషన్ దగ్గర రన్నింగ్ రూము ఉంది. అక్కడ జోగమ్మ పద్దెనిమిదేళ్లుగా వంట చేస్తోంది. పొద్దున్నే చేపలు కడుగుతుంది, గుడ్లు ఉడకబెడుతుంది, పెద్ద గిన్నెలో పప్పు ఎనుపుతుంది. వాటిలో ఏ ఒక్కటీ తను నోట పెట్టదు. చారన్నం, వంకాయ పులుసు, గంజి, అంతే ఆమె తిండి. చేప తింటే కడుపులో తిప్పుతుంది. ఎప్పుడైనా మొహమాటానికి నాలుగు ముద్దలు పప్పన్నం తిన్నదా, మర్నాడంతా తల దిమ్మెక్కి, చెప్పబోయిన మాట నాలుక మీదే ఆగిపోతుంది. తోటి వంటవాళ్లు ఆమెకు పండితాయిన్, అంటే బాపనమ్మ, అని పేరు పెట్టి నవ్వేవారు. ఆమె కూడా నవ్వి ఊరుకునేది. చనిపోయిన తన తల్లి కూడా చేప ముట్టేది కాదని ఆమెకు లీలగా గుర్తు. అది ఇంటి అలవాటనే అనుకుంది.

పలాస దగ్గరి పల్లె నుంచి పెళ్లి చేసుకుని బాగ్‌బేరా రైల్వే క్వార్టర్సుకు వచ్చేనాటికి ఆమెకు పందొమ్మిదేళ్లు. భర్త నీలకంఠం కీమేన్. చేతిలో సుత్తి పట్టుకుని రోజూ కిలోమీటర్ల కొద్దీ పట్టాల వెంట నడుస్తూ, వదులైన బిగింపులు చూసి కొట్టి వస్తాడు. తక్కువ మాట్లాడే మనిషి. అతని తల్లి గౌరీదేవి కొడుకు వంతు కూడా కలిపి మాట్లాడేది.

తొలి కాన్పులో కొడుకు పుట్టాడు. రెండు రోజులు గట్టిగా ఏడ్చాడు, గట్టిగా పాలు తాగాడు. మూడో రోజు మధ్యాహ్నం నుంచి నిద్ర. అరికాలు గిల్లినా కళ్లు తెరవలేదు. రొమ్ము నోట్లో పెడితే పెదవులు కదల్లేదు. తర్వాత ఎగశ్వాస మొదలైంది. ఒళ్లు ఒకసారి విల్లులా బిగుసుకునేది, ఒకసారి తడిగుడ్డలా వాలిపోయేది. ఆస్పత్రిలో రక్తానికి విషం ఎక్కిందన్నారు. అయిదో రోజున చచ్చిపోయాడు. బారసాల కాలేదు కనక పేరు కూడా లేదు. మూడేళ్ల తర్వాత రెండోవాడు పుట్టాడు. వాడూ మూడో రోజునే నిద్రపోయాడు, నాలుగో రోజునే పోయాడు.

అప్పట్నుంచి గౌరీదేవి నోటికి అడ్డు లేకపోయింది. కోడలు కొడుకుల్ని మింగే మనిషని క్వార్టర్సులో ప్రతి గడపకీ చెప్పింది. పురుడొచ్చిన ఇళ్లవాళ్లు జోగమ్మ వస్తే పిల్లవాడి మీద గుడ్డ కప్పేవారు. నీలకంఠం ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. ఆ ఇద్దరి ఊసు మళ్లీ ఎత్తలేదు, అంతే. ఆ తర్వాత త్రివేణి పుట్టింది. మూడో రోజు గడిచింది, నాలుగు, అయిదు గడిచాయి. పిల్ల పాలు తాగుతూనే ఉంది. ఆడపిల్ల కనక వదిలేసిందని అత్త అన్నది. గౌరీదేవి పోయి ఇప్పటికి పన్నెండేళ్లయినా ఆ మాట మాత్రం జోగమ్మ చెవిలోంచి పోలేదు.

త్రివేణికి పాతికేళ్లప్పుడు బారిడీహ్‌లో ఉండే సత్యప్రసాద్‌తో పెళ్లయింది. అతను స్టీలు ప్లాంటులో, బొగ్గును కాల్చి కోక్ చేసే బట్టీల దగ్గర కాంట్రాక్టు మనిషి. నెమ్మదైనవాడు. రెండేళ్లు తిరిగేసరికి, ఒక జూలైలో, త్రివేణికి ఒక చిన్న నర్సింగ్ హోములో మగపిల్లవాడు పుట్టాడు.

జోగమ్మ సెలవు పెట్టి కూతురి దగ్గరే ఉంది. మనవణ్ణి ఒళ్లో పెట్టుకున్నా కళ్లు వాడి పెదవుల మీదే. మొదటి రోజు తాగాడు. రెండో రోజు తాగాడు. మూడో రోజు పొద్దున్న త్రివేణి, వీడు బుద్ధిగా నిద్రపోతున్నాడని మురిసిపోతుంటే, జోగమ్మ లేచి వచ్చి పిల్లవాడి అరికాలు గిల్లింది. వాడు కదల్లేదు. ఇంకోసారి గట్టిగా గిల్లింది. అక్కడే గోడకి చేరబడింది.

నర్సింగ్ హోములో వాళ్లు ఇన్‌ఫెక్షన్ అన్నారు. జోగమ్మ ఒప్పుకోలేదు. జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి ఆ రోజు నడవాలో నిలబడి, పెద్దాసుపత్రికి రాసివ్వండని పట్టుబట్టింది. సత్యప్రసాద్ అంబులెన్సు తెచ్చాడు. పెద్దాసుపత్రిలో చంటిపిల్లల వార్డు చూసే డాక్టరు ఒక బెంగాలీ అమ్మాయి, ముప్ఫై దాటి ఉండవు. జోగమ్మ తనకు వచ్చిన హిందీలో ఇద్దరు కొడుకుల సంగతీ చెప్పింది. ఏ రోజు నిద్రపోయారు, ఎప్పుడు ఎగశ్వాస వచ్చింది, ఎప్పుడు బిగుసుకున్నారు, అన్నీ వరసగా. ముప్ఫై ఏళ్ల కిందటివి గంటలతో సహా చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంటూ రాసుకుంటూ కలం ఆపి, చచ్చిపోయినవాళ్లు ఇద్దరూ మగపిల్లలేనా అని అడిగింది. తర్వాత నువ్వు చేప, పప్పు, గుడ్డు తింటావా అని అడిగింది. జోగమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. తిననని చెప్పింది. త్రివేణీ పప్పు ముట్టదని, బాలింత అని బలవంతం చేసి తామే తినిపిస్తున్నామని చెప్పింది.

పిల్లవాడి రక్తం ఐసులో పెట్టి పరీక్షకు పట్టుకెళ్లారు. గంటలో ఫలితం వచ్చింది. రక్తంలో అమ్మోనియా ఉండాల్సినదానికి పదిహేను రెట్లు ఉంది.

సత్యప్రసాద్‌కు ఆ పేరు తెలుసు. బట్టీల నుంచి వచ్చే గ్యాసులోంచి అమ్మోనియా విడదీసే చోట అతను రెండేళ్లు పని చేశాడు. పైపు ఎక్కడైనా కారితే ముక్కుకు గుడ్డ కట్టుకుని పరుగెత్తేవారు.

"అదా? మా పైపుల్లో ఎల్లేదే? అది మా గుంటడి రగతంలో ఉందా?" అన్నాడు అత్తతో.

యంత్రం పెట్టి రక్తం కడగడం మొదలుపెట్టారు. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి పిల్లవాడు చనిపోయాడు. డాక్టరమ్మ వచ్చి, వాడి రక్తం కొంచెం దాచి ఉంచామని, ఒప్పుకుంటే జన్యు పరీక్షకు హైదరాబాదు పంపుతామని అడిగింది. త్రివేణి సంతకం పెట్టింది. తల్లిదీ, అమ్మమ్మదీ రక్తం కూడా తీసుకున్నారు.

సెప్టెంబరులో రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ త్రివేణిని, సత్యప్రసాద్‌ను, జోగమ్మను కూర్చోబెట్టి నిదానంగా విడమరిచి చెప్పింది. తిన్న పప్పూ పాలూ చేపా ఒంటికి పట్టాక మిగిలిన చెత్తే అమ్మోనియా. అది విషం. దాన్ని మూత్రంలో పోయే సరుకుగా మార్చే పని కాలేయానిది. కాలేయంలో ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనే బుల్లి అరలుంటాయి. ఆ అరల్లో ఓటీసీ అనే ఎంజైము ఈ పనిలో ఒక ముఖ్యమైన మెట్టు. ఆ ఎంజైము తయారీకి కావలసిన రాత ఒక జన్యువులో ఉంటుంది. బిడ్డలోనూ, తల్లిలోనూ, అమ్మమ్మలోనూ ఆ రాతలో ఒక్క అక్షరం, ఒకే చోట, తప్పు పడింది. ఆ జన్యువు ఉండేది ఎక్స్ క్రోమోజోము మీద. ఆడవాళ్లకు ఎక్స్‌లు రెండు కాబట్టి ఒకటి చెడినా రెండోది కొంత గట్టెక్కిస్తుంది. మగపిల్లలకు ఉండేది ఒక్కటే, అదీ తల్లి నుంచి వచ్చేదే. చెడ్డది వచ్చినవాడికి ఇక దిక్కు లేదు. ఏ బిడ్డకు ఏది వెళుతుందన్నది సగానికి సగం. ఇందులో ఎవరి తప్పూ లేదని ఆమె రెండుసార్లు చెప్పింది.

ఆ తర్వాత ఇంకొక మాట అడిగింది. గట్టెక్కినట్టు కనిపించే ఆడవాళ్లకు కూడా కాన్పయిన వారం పది రోజుల్లో అమ్మోనియా ఒక్కసారిగా పెరగవచ్చు. మీ అమ్మ వైపు అలా ఎవరైనా ఉన్నారా?

జోగమ్మ తన తల్లి సంగతి చెప్పింది. తనకు ఆరేళ్లప్పుడు తన చెల్లెలు ఇంద్రాణి పుట్టింది. ఎనిమిదో రోజున తల్లి పిచ్చిమాటలు మొదలుపెట్టింది. సొంత బిడ్డని చూసి ఎవరిదని అడిగింది. గాలి సోకిందని మంచానికి తాళ్లతో కట్టి వేపమండలతో కొట్టారు. తొమ్మిదో రోజున నోరు పడిపోయింది, పదో రోజున పోయింది. అదంతా జోగమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది కూడా తనే.

డాక్టరమ్మ విని, నీ చెల్లెలికి ఆడపిల్లలుంటే వాళ్లకి పరీక్ష చేయించాలి అన్నది.

ఆ సాయంత్రం నీలకంఠం డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి కూర్చున్నాక జోగమ్మ అంతా చెప్పింది. కాగితం అతని ముందు పెట్టింది. అతను ఇంగ్లీషు అక్షరాలు కాసేపు చూశాడు.

"అయితే మాయమ్మ అన్నది అబద్దం కాదన్నమాట," అన్నాడు.

కోపంగా అనలేదు. వదులైన బిగింపు దొరికితే నోట్ చేసుకున్నట్టు అన్నాడు. జోగమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి అన్నం వార్చింది. తన వల్ల కాదని ముప్ఫై ఏళ్లు లోలోపల ఒక్కతే పోట్లాడుతూ వచ్చింది. ఇప్పుడు అది తన నుంచే వచ్చిందని ముద్ర వేసిన కాగితం. తప్పు లేదన్న మాట ఆ కాగితంలో ఎక్కడా రాసి లేదు. ఉందేమోనని ఎవరూ అడగరు కూడా.

త్రివేణి అత్తవారు సంగతి బయటికి పొక్కకూడదన్నారు. ఇంట్లో పెళ్లి కావలసినవాళ్లున్నారు. నీలకంఠం కూడా అదే అన్నాడు. త్రివేణి తల్లితో మాట్లాడటం మానేసింది. జోగమ్మ అందరి మాటా విన్నది. ఆదివారం నాడు కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని బిర్సానగర్‌లోని చెల్లెలింటికి వెళ్లింది.

ఇంద్రాణి కూతురు ఉజ్వల అప్పటికి అయిదో నెల గర్భిణి. సాక్చీలో ఒక బట్టల కొట్లో బిల్లులు రాసే ఉద్యోగం. భర్త రూర్కెలాలో పని చేస్తూ వారానికోసారి వచ్చేవాడు కనక, పుట్టింట్లోనే ఉంటోంది. జోగమ్మ కాగితం తీసి చెల్లెలికి చెప్పడం మొదలుపెట్టింది. సగం చెప్పేసరికి ఇంద్రాణి ముఖం మారిపోయింది.

"నా కొడుకు బతికే ఉన్నాడు కదా. నాకేటి జబ్బు? నీ కడుపు సంగతి నా ఇంటికి తేకు అప్పా."

"హరికిరణ్‌కి మంచిది ఎల్లింది. సగానికి సగం అన్నారు. ఉజ్వలకి ఏది ఎల్లిందో ఎవులికి తెలుసు? ఒక్క సూది పరీచ్చ. అంతేనే."

"అమ్మని నాను తినేసినానని సిన్నప్పుడు అందరూ అన్నారు. ఇప్పుడు నా కూతురు కూడా ఏదో తినేత్తదని నువ్వు సెప్పొచ్చినావా?"

జోగమ్మ అది కాదని చెప్పబోయింది. ఇంద్రాణి లేచి వీధి తలుపు తెరిచి పట్టుకుంది. బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డాక, ఉజ్వల మేడ మెట్ల మీద నుంచి దిగివచ్చి, ముఝే ఫోటో భేజ్ దో పెద్దమ్మా అని నెమ్మదిగా అడిగింది. జోగమ్మ ఆ పిల్ల ఫోనుతోనే కాగితం ఫోటో తీయించింది. అయినా పరీక్ష మాత్రం జరగలేదు. తల్లి వద్దంది, అత్తవారికి చెప్పే ధైర్యం లేకపోయింది. ఫోటో ఫోనులోనే ఉండిపోయింది.

జనవరిలో ఉజ్వలకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా కులాసా. ఇంద్రాణి ఆ సంగతి ఊరందరికీ చెప్పింది, అక్కకు తప్ప. బాలింతకు సత్తువ రావాలని పూటకో గుడ్డు, ఎండుచేప, మాంసం పులుసు పెట్టింది. ఉజ్వల వద్దంటే ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. ప్రేమతోనే పెట్టింది.

తొమ్మిదో రోజు పదిగంటల వేళ రన్నింగ్ రూములో జోగమ్మ ఫోను మోగింది. ఇంద్రాణి కొడుకు హరికిరణ్. రెండు రోజుల నుంచి అక్క వాంతులు చేసుకుంటోందని, పొద్దుట నుంచి మతిలేని మాటలు మాట్లాడుతోందని, పాపని చూసి యే కిస్కీ హై, ఇది ఎవరిది, అని అడుగుతోందని హిందీలో గబగబా చెప్పాడు. అమ్మ ఓఝాని పిలిపించింది, మీరు రండి అన్నాడు. ఓఝా అంటే మంత్రం వేసేవాడు. జోగమ్మ స్టవ్ ఆర్పి, చేతులు కూడా తుడుచుకోకుండా బయటపడింది. గేటు దగ్గర నీలకంఠం డ్యూటీ ముగించుకుని వస్తూ ఎదురయ్యాడు. ఆమె ముఖం చూసి సుత్తి గేటుమేన్ దగ్గర పెట్టి ఆటో పిలిచాడు.

వాళ్లు వెళ్లేసరికి ఇంట్లో పొగ. ఉజ్వలను గోడవారగా కూర్చోబెట్టి ఇద్దరు ఆడవాళ్లు భుజాలు నొక్కి పట్టుకున్నారు. ఆమె కళ్లు తెరిచే ఉన్నా దేన్నీ చూడటం లేదు. చేతులు కోడి రెక్కల్లా కొట్టుకుంటున్నాయి. ఇంద్రాణి అడ్డం వచ్చింది. జోగమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మనీ ఇలాగే కూకోబెట్టినారు. మంచానికి కట్టీసినారు. నాను సూసినాను. నువ్వు తొమ్మిది రోజుల గుంటవి, నీకు తెల్దు. అమ్మని నువ్వు తిన్లేదే. ఈ జబ్బు తినేసింది. దీన్ని నాకు ఇచ్చీ."

ఇంద్రాణి చేతులు వదులయ్యాయి. హరికిరణ్ అక్కను రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటోలో పడుకోబెట్టాడు.

ఆస్పత్రిలో మొదట చూసిన డాక్టరు, కాన్పయ్యాక కొందరికి మతి చలిస్తుందని, మానసిక వైద్యుణ్ణి పిలుస్తామని అన్నాడు. జోగమ్మ జాకెట్లోంచి కాగితం తీసి బల్ల మీద పరిచింది. అమ్మోనియా చూడండి అని ఒక్కమాటే పదిసార్లు అన్నది. చూశారు. ఉంది. వెంటనే గుడ్డూ పాలూ ఆపి గ్లూకోజు ఎక్కించారు, రక్తం కడిగే యంత్రం మీద పెట్టారు. అప్పటికే ఉజ్వల స్పృహ పోయింది. ఆరు రోజులు అలాగే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం ఆస్పత్రి వరండాలో బెంచీ మీద నీలకంఠం, జోగమ్మ కూర్చుని ఉన్నారు. అతను రోజూ డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వస్తున్నాడు. లోపలి తలుపు వైపు చూస్తూ అతను అడిగాడు.

"ఆలిద్దరికీ నొప్పి తెలిసుంటదేటి?"

ఎవరి గురించో ఆమెకు వెంటనే తెలిసింది. అతని నోట వాళ్ల ఊసు రావడం అదే మొదలు.

"డాక్టరమ్మని అడిగినాను. నిద్దట్లోనే పోతారంట. ఏటీ తెలవదంట," అంది.

ఆమె ఎవర్నీ అడగలేదు. అతను తలూపి, తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

ఏడో రోజు ఉజ్వల కళ్లు తెరిచింది. బతికింది. కానీ ఇంటికి వచ్చిన మనిషి వెళ్లిన మనిషి కాదు. కుడిచెయ్యి వణుకుతుంది. మాటలు సగం దొరకవు. కొట్లో వంద బిల్లులు నోటి లెక్కతో కూడిన పిల్ల, పాప నెలల్ని వేళ్ల మీద లెక్కపెట్టి మధ్యలో మరిచిపోతుంది. భర్త నాలుగైదు నెలలు వచ్చి పోతుండేవాడు. తర్వాత రావడం తగ్గింది. పాపకు కూడా పరీక్ష చేస్తామని డాక్టరమ్మ అన్నప్పుడు ఇంద్రాణి ఒప్పుకోలేదు. తెలిసి ఏం చేస్తాను, అది పెద్దయ్యేదాకా ఆ కాగితాన్ని ఎక్కడ దాచను అన్నదట.

త్రివేణి ఆ ఏడాది చివర ఒక ట్రంకు పెట్టె పట్టుకుని బాగ్‌బేరా వచ్చేసింది. ఇంకో బిడ్డని కనే ధైర్యం తనకు లేదని సత్యప్రసాద్‌తో చెప్పిందట. అతను సరే అన్నాడట, వాళ్లింట్లో ఎవరూ అనలేదట. ఇప్పుడు స్టేషన్ దగ్గరి ఒక మందుల దుకాణంలో కూర్చుంటోంది. తల్లితో మాట్లాడుతుంది, అవసరమైనంత వరకు.

జోగమ్మ తన వారం సెలవు రోజున బిర్సానగర్ వెళుతుంది. ఇంద్రాణి ఆమెను లోపలికి రమ్మనదు, పొమ్మనదు. వీధి అరుగు మీద కూర్చుంటే ఉజ్వల పాపని ఎత్తుకుని గోడ పట్టుకుంటూ వచ్చి పక్కన కూర్చుంటుంది. ఎదురుగా పోయే వాటిని వేలుపెట్టి చూపిస్తుంది. జోగమ్మ పేరు చెబుతుంది, ఉజ్వల తిరిగి అంటుంది. సైకిలు. బక్కెట్టు. మేక. కొన్ని నిలుస్తాయి, కొన్ని మళ్లీ వారానికి పోతాయి. ఏడాదిన్నర పాప కూడా వాళ్లతో పాటే అంటుంది, తల్లి కంటే ముందే నేర్చుకుంటుంది. ఒక్కోసారి ఉజ్వల మాట వెతుక్కుని, దొరక్క, పెద్దమ్మనే అమ్మా అని పిలుస్తుంది. జోగమ్మ దిద్దదు. లోపల గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలవుతుంది.